తేదీ లేని చావు: వంశధార ఒడ్డున శాలిహుండం

కళింగ తీరం కథ – 9వ భాగం

1539 నవంబరు 15న ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీలో ఒక ముసలాయన్ని ఊరి వీధుల గుండా ఈడ్చుకుంటూ పక్కనున్న కొండ మీదికి తీసుకుపోయి ఉరితీశారు. పేరు రిచర్డ్ వైటింగ్. ఆ ఊళ్ళోని క్రైస్తవ మఠానికి ఆయనే అధిపతి. మఠం సొత్తు దాచాడని నేరం మోపారు గానీ, అసలు తప్పు మఠాన్ని రాజుకి అప్పగించకపోవడం. తల నరికి ఆ మఠం గుమ్మానికే వేలాడదీశారు. వెయ్యేళ్ళ దాకా పేరున్న ఆ మఠం అక్కడితో సరి. ఇవాళ వెళితే పచ్చిక మధ్య రెండు మొండి గోడలు, కొన్ని తోరణాలు కనిపిస్తాయి.

బ్రిటన్‌లో ఇలాంటి మొండి గోడలు ఊరూరా ఉన్నాయి. 1536 నుంచి 1541 లోపు, అయిదారేళ్ళలో, ఎనిమిదవ హెన్రీ రాజు ఇంగ్లండు, వేల్స్ దేశాల్లోని మఠాలన్నిటినీ మూయించాడు. మొత్తం ఎనిమిది వందలకు అటూ ఇటూ. ఏ మఠం ఏ రోజున తలుపు మూసిందో, తాళాలు ఎవరు ఎవరికి ఇచ్చారో, పైకప్పు మీది సీసం ఎంత తూగిందో, గంటలు ఎవరు కొన్నారో, అన్నిటికీ కాగితాలున్నాయి.

మన కళింగంలోనూ విహారాలు చచ్చిపోయాయి. వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం దాదాపు పన్నెండు పదమూడు వందల ఏళ్ళు బతికి పోయింది. అది చచ్చిన తేదీ మాత్రం ఏ శాసనంలోనూ లేదు. చంపినవాడి పేరూ లేదు. ఈ భాగంలో ఆ కొండ ఎక్కుదాం.

కాశీబుగ్గ నుంచి జాతీయ రహదారి పట్టుకుని టెక్కలి, కోటబొమ్మాళి, నరసన్నపేట దాటి, మడపాం దగ్గర వంశధార వంతెన ఎక్కి దిగితే శ్రీకాకుళం వైపు సింగుపురం వస్తుంది. ఆ ఊరి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ పనిబడుతుంది. శ్రీకాకుళం నుంచి గార మీదుగా కళింగపట్నం దారిలో పోతే, సముద్రం ఇంకా కొద్ది మైళ్ళుందనగా, నదికి దక్షిణపు ఒడ్డున ఒక కొండ కనిపిస్తుంది. ఊరు శాలిహుండం. బయల్దేరిన దగ్గర్నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. మనవాళ్ళు కళింగపట్నం బీచికి వెళ్ళి వచ్చేటప్పుడు ఆ కొండ పక్కనుంచే వస్తారు, బండి ఆపేవాళ్ళు తక్కువ.

ఈ కొండ మీద బౌద్ధుల ఆనవాళ్ళున్నాయని 1919లో లోకానికి చెప్పినవాడు పురావస్తు శాఖ ఉద్యోగి కాదు, గిడుగు వెంకట రామమూర్తి పంతులు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగుని అందరూ ఎరుగుదురు. ఆయన పుట్టింది 1863లో, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, అంటే ఇదే వంశధార పక్కన. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ ముఖలింగం గుడి గోడల మీది శాసనాల్ని చదవడానికి పాత లిపుల్ని తనంతట తాను నేర్చుకున్నాడు. సవరల భాష నేర్చి, దానికి నిఘంటువు కట్టాడు. పండితులు చూడని చోట చూడటం ఆయనకు అలవాటు. మాట విషయంలో జనం నోటి వైపు చూసినట్టే, చరిత్ర విషయంలో జనం మేకలు మేపుకునే దిబ్బల వైపు చూశాడు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయినప్పుడు, ఆ వయసులో, ఇల్లు విడిచి రాజమండ్రి చేరాడు. మన ప్రాంతపు చరిత్రకారుల్లో మొదటి పీట ఆయనదేనని నా అభిప్రాయం. భాషోద్యమం ఆయన తక్కిన పనిని కప్పేసింది.

గిడుగు చెప్పాక పురావస్తు శాఖ నుంచి లాంగ్‌హర్‌స్ట్ వచ్చి తవ్వాడు. తర్వాత నాగార్జునకొండలో పెద్ద తవ్వకాలు చేయించి పేరు తెచ్చుకున్నదీ ఈ దొరే. 1940లలో టి.ఎన్. రామచంద్రన్, 1950లలో ఆర్. సుబ్రహ్మణ్యం శాలిహుండం పని కొనసాగించారు. సుబ్రహ్మణ్యం రాసిన శాలిహుండం గ్రంథాన్ని 1964లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అచ్చువేసింది. ఆయన ఇక్కణ్ణుంచి వెళ్ళింది కూడా నాగార్జునకొండకే. అక్కడ డ్యామ్ నీళ్ళు వచ్చి లోయంతా మునిగిపోయే లోపు తవ్వగలిగినంత తవ్వి, కట్టడాల్ని కొండ మీదికి ఎక్కించాల్సిన పని. మన శాలిహుండానికి అలాంటి గండం రాలేదు. వంశధార కిందే పారుతుంది, కొండ పైనే ఉంది. ఆ అదృష్టం చిన్నది కాదు.

కొండ మీద ఏముంది? పైకి రాళ్ళు పరిచిన దారి. దారికి అటూ ఇటూ ఇటుక కట్టడాలు. వెనకవైపు గుండ్రంగా, ఏనుగు వీపులా కట్టిన చైత్యగృహాలు. కొండ నెత్తిన మహాస్తూపం. చుట్టూ చిన్న స్తూపాలు, భిక్షువుల గదుల పునాదులు. రాతి భరిణెల్లో స్ఫటికపు భరిణెలు, వాటిలో చిన్న బంగారు పువ్వులు దొరికాయి. ఎవరి అస్థికల మీదో ఆ పువ్వులు వేసి మూతపెట్టారు. ఎర్రమట్టి కుండపెంకులతో పాటు లోపల చుక్కల వలయాలు తిప్పిన నున్నటి పళ్ళేల ముక్కలు వచ్చాయి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులోనూ ఇలాంటివే దొరికాయి. సముద్ర వర్తకం జరిగిన చోటల్లా ఈ పళ్ళేలు కనిపిస్తాయి. శాతవాహనుల నాణేలూ, ఒడిశా తీరంలో చెలామణి అయిన పురీ–కుషాణ నాణేలూ ఉన్నాయి. ఒక చిన్న బ్రాహ్మీ లేఖనంలో ధర్మరాజు అశోకశ్రీ పేరు ఉంది. అక్షరాల తీరు అశోకుడి కాలం కన్నా బాగా తర్వాతిది కాబట్టి ఆయనే వచ్చి చెక్కించాడనుకోకూడదు. ఆయన పేరు తలుచుకున్నవాళ్ళు ఈ కొండ మీద ఉన్నారు, అంతవరకే.

అశోకుడి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. క్రీ.పూ. 261 ప్రాంతంలో ఆయన కళింగం మీద చేసిన యుద్ధంలో లక్షమంది చచ్చారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తీసుకుపోయారనీ ఆయన పదమూడవ శిలాశాసనమే చెబుతుంది. అయితే ఆ శాసనం కళింగంలో లేదు. మనకు దగ్గర్లో, బరంపురం అవతల రుషికుల్యా నది ఒడ్డున జౌగడలో అశోకుడి శిలాశాసనాలున్నాయి. అందులో పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాల్ని వదిలేసి, వాటి బదులు అధికారులకు వేరే ఆజ్ఞలు చెక్కించారు: జనాన్ని నా బిడ్డల్లా చూడండి, ఊరికే ఖైదులో పెట్టకండి అని. దెబ్బతిన్నవాళ్ళ ఊళ్ళో దెబ్బల లెక్క చదివి వినిపించకూడదన్న తెలివి అది. పశ్చాత్తాపం నిజమే అయినా పరిపాలన దాని పని అది చేసుకుపోయింది.

ఇక విహారం నడిచే తీరు. అది తెలియకపోతే అది ఎలా ఆగిపోయిందో తెలియదు. వినయ నియమాల ప్రకారం భిక్షువు నేల దున్నకూడదు, వంట వండుకోకూడదు, మధ్యాహ్నం దాటాక తినకూడదు. పొద్దున్నే పాత్ర పట్టుకుని ఊళ్ళోకి దిగాలి. వానాకాలం మూడు నెలలూ ఒకేచోట ఉండాలి. కాబట్టి విహారం ఊరికి మరీ దగ్గరగా ఉండకూడదు, మరీ దూరంగా ఉన్నా పనికిరాదు. నీళ్ళుండాలి. దారి ఉండాలి. అన్నం పెట్టేవాళ్ళు ఉండాలి. భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, విజయనగరం పక్కన రామతీర్థం దగ్గరి గురుభక్తులకొండ, అనకాపల్లి దగ్గర శంకరం, ఇటు శాలిహుండం. తీరం వెంట వరసగా ఉన్న ఈ కొండలన్నిటికీ సముద్రం దగ్గరే, బండ్లబాట దగ్గరే. తొట్లకొండలో రోమన్ వెండి నాణేలు దొరికాయంటే ఆశ్చర్యం లేదు. ఓడ దిగిన వర్తకుడు, ఓడ ఎక్కబోయే వర్తకుడు, ఇద్దరికీ దైవభయం ఉంటుంది, ఇద్దరి చేతిలోనూ డబ్బు ఉంటుంది.

ఇంగ్లండు మఠాలు ఇందుకు భిన్నం. అక్కడి సన్యాసులు భూస్వాములు. యార్క్‌షైర్‌లో 1132లో మొదలైన ఫౌంటెన్స్ మఠం గొర్రెల మందల మీద బతికింది. ఆ ఉన్ని ఇటలీ వర్తకులు కొనుక్కుపోయేవారు. రీవో మఠమూ అదే ఏట పుట్టింది, అదే సంప్రదాయం. ఎడారిలాంటి లోయల్లోకి పోయి ప్రార్థన చేసుకుందామని బయల్దేరినవాళ్ళు, మూడు నాలుగు తరాల్లో ఆ దేశపు పెద్ద కామందులయ్యారు. అంత భూమి చేతిలో ఉంటే రాజు కన్ను పడకుండా ఎలా ఉంటుంది? 1535లో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ దేశంలోని మఠాల ఆదాయానికంతా జమాబందీ లాంటి లెక్క కట్టించాడు. మరుసటి ఏడు, ఏటా రెండు వందల పౌండ్ల లోపు ఆదాయం ఉన్నవాటిని మూసేయమని చట్టం వచ్చింది. పెద్దవి తర్వాత ఒక్కొక్కటే లొంగాయి. తల వంచిన అధిపతులకు పింఛను ఇచ్చారు. వైటింగ్ లాంటివాళ్ళు ఉరికంబమెక్కారు. పైకప్పుల సీసం ఊడబెరికి, మఠంలోని కొయ్యతోనే మంట పెట్టి అక్కడే కరిగించారు. కప్పు పోయిన గోడ ఎన్నాళ్ళు నిలబడుతుంది? ఫౌంటెన్స్‌ని 1540లో లండన్ ధనవంతుడొకడు కొన్నాడు. తర్వాత ఆ రాళ్ళతో పక్కనే ఒక బంగళా లేచింది. పోతూ పోతూ ఒక్క సంగతి: 1536లో ఉత్తర ఇంగ్లండు రైతులు మఠాలు మూయవద్దని వేలమంది కట్టగట్టుకుని తిరగబడ్డారు. ఓడిపోయారు. కానీ తిరగబడ్డారు.

మన వైపు అలాంటి తిరుగుబాటు ఒక్కటీ చరిత్రకెక్కలేదు. ఎందుకని?

మొదట దంతపురం కథ చెప్పాలి. ఇది లేకుండా కళింగ బౌద్ధం కథ నడవదు. బుద్ధుణ్ణి దహనం చేశాక చితి నుంచి ఒక దంతాన్ని ఖేమ థేరుడు కళింగరాజు బ్రహ్మదత్తుడికి తెచ్చి ఇచ్చాడట. ఆయన దానికి గుడి కట్టించాడు, ఆ పట్నమే దంతపురం. తరాలు గడిచాయి. గుహశివుడనే రాజు కాలంలో పాటలీపుత్రపు చక్రవర్తికి ఈ సంగతి తెలిసి, చచ్చినవాడి ఎముకను పూజిస్తారా అని దంతాన్ని రప్పించి నిప్పుల్లో వేయించాడు, సమ్మెటతో కొట్టించాడు. దానికేమీ కాలేదు. చివరికి ఆయనే దండం పెట్టాడు. దంతం మళ్ళీ కళింగం చేరింది. ఆ తర్వాత దాని కోసం మరో రాజు దండెత్తి వచ్చాడు. ఓటమి తప్పదని తెలిసిన గుహశివుడు కూతురు హేమమాలనూ అల్లుడు దంతకుమారుణ్ణీ మారువేషాల్లో పంపించేశాడు. హేమమాల దంతాన్ని కొప్పులో దాచుకుని ఓడెక్కి సింహళం చేరింది. అక్కడ కీర్తిశ్రీ మేఘవర్ణుడి పాలన, అంటే 4వ శతాబ్దం. 5వ శతాబ్దం మొదట్లో సింహళంలో ఉన్న చైనా యాత్రికుడు ఫాహియాన్ దంతపు ఊరేగింపుని కళ్ళారా చూసి రాశాడు. ఇవాళ క్యాండీలో దళదా మాళిగావలో పూజలందుకుంటున్నది అదే దంతమని సింహళీయుల నమ్మకం. ఈ కథంతా 13వ శతాబ్దంలో పాళీలో రాసిన దాఠావంశంలో ఉంది.

దంతపురం ఎక్కడ? పూరీ అన్నవాళ్ళున్నారు. బెంగాల్‌లోని దాంతన్ అన్నవాళ్ళున్నారు. గంజాం జిల్లా పాలూరు అన్నవాళ్ళున్నారు. మనవాళ్ళు సరుబుజ్జిలి మండలంలో, ఆమదాలవలస దగ్గరి దంతవరపుకోట అంటారు. అక్కడ పెద్ద మట్టికోట గోడ ఉంది, తవ్వితే పాతకాలపు కుండపెంకులు వచ్చాయి. నా మొగ్గు కూడా ఇటే, కారణం రాగిరేకులు. టెక్కలి వైపు జీర్జింగిలో దొరికిన గంగ వంశపు రాజు ఇంద్రవర్మ తామ్రశాసనం దంతపురం నుంచే వెలువడింది. గంగులు తిరిగిన నేల ఇది, వాళ్ళ దంతపురం బెంగాల్‌లో ఉండదు. అయితే సొంత ఊరి మీద ప్రేమతో ఎదుటి వాదం దాచకూడదు. కథలో హేమమాల ఓడెక్కింది బెంగాల్ తీరంలోని తామ్రలిప్తిలో. దంతపురం వంశధార పక్కనే అయితే, గుమ్మం ముందున్న రేవు వదిలేసి అంత దూరం ఉత్తరానికి ఎందుకు పోయింది? శత్రువు రేవు కాపు కాశాడనుకోవచ్చు. లేదా కథ రాసినవాడికి తెలిసిన పెద్ద రేవు తామ్రలిప్తే కాబట్టి అదే రాశాడనీ అనుకోవచ్చు. రెండోదే నాకు సబబుగా తోస్తుంది. సంఘటనకూ కావ్యానికీ మధ్య తొమ్మిది వందల ఏళ్ళున్నాయి.

చిత్రమేమంటే, ఆ కోట చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని దంతవక్త్రుడి కోట అంటారు. కృష్ణుడి చేతిలో చచ్చిన దంతవక్త్రుడన్నమాట. బుద్ధుడి దంతం జనం జ్ఞాపకంలోంచి జారిపోయింది, ఆ ఖాళీలో పురాణ పురుషుడు వచ్చి కూర్చున్నాడు. శంకరంలో ఇంకా విడ్డూరం. అలెగ్జాండర్ రియా 1907–08లో అక్కడి బొజ్జన్నకొండను తవ్వి విహారమని తేల్చాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళ దాకా కనుమ నాడు జనం కొండెక్కి, బొజ్జలా ఉన్న ఒక కట్టడాన్ని రాక్షసుడనుకుని రాళ్ళతో కొట్టేవారు. పగబట్టి కాదు, పండగ సరదాకి. తాతలు దండం పెట్టిన చోట మనవలు రాయి విసిరారు, ఎందుకు విసురుతున్నారో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. బౌద్ధాన్ని బ్రాహ్మణులు తరిమేశారని ఒక వాదం. తురకలు ధ్వంసం చేశారని మరో వాదం. రెండూ సభల్లో బాగా చెల్లుతాయి. శాలిహుండం దగ్గర రెండూ తేలిపోతాయి. అక్కడ దొరికిన విగ్రహాల్లో తార ఉంది, మారీచి ఉంది. ఇవి వజ్రయాన దేవతలు. కొండ మీది కట్టడాలు క్రీస్తుకు పూర్వం మొదలైతే, ఈ విగ్రహాలు గంగుల కాలానివి. ముఖలింగంలో శివుడికి గుళ్ళు లేస్తున్న రోజుల్లో, అదే నది దిగువన తారాదేవి పూజ జరుగుతోంది. ఉత్తరాన ఒడిశాలో భౌమకర రాజుల అండతో రత్నగిరి, లలితగిరి విహారాలు వెలిగిన కాలం కూడా అదే. వట్టి స్తూపానికి ప్రదక్షిణం చేసే మతం అప్పటికి విగ్రహాల మతంగా మారింది. తార ఎనిమిది భయాల నుంచి కాపాడుతుందని నమ్మకం, అందులో ఒకటి నీటిగండం. రేవు పక్క కొండ మీద ఆ తల్లిని నిలిపినవాళ్ళకి తమ భక్తులెవరో బాగా తెలుసు. మన ఉద్దానం గంగపుత్రులు వేటకు ముందు గంగమ్మకి మొక్కుకోవడం చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

క్రీ.శ. 639 ప్రాంతంలో మరో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ కళింగం మీదుగా నడిచాడు. అడవులు దట్టం, ఏనుగులు పేరుమోసినవి అని రాశాడు. ఒకప్పుడు జనంతో కిటకిటలాడిన దేశం ఒక ఋషి శాపంతో పాడుపడిందని విన్నాడట. పదికి పైగా సంఘారామాలు, అయిదు వందల మంది భిక్షువులు ఉన్నారని లెక్క చెప్పాడు. దేవాలయాలు వంద, జైనులు ఎక్కువ. రాజధానికి దక్షిణాన అశోకుడు కట్టించిందని చెప్పే వంద అడుగుల స్తూపమూ చూశాడు. ఆ పైన ధాన్యకటకం (మన అమరావతి) వెళితే విహారాలు చాలావరకూ పాడుపడి ఉన్నాయి, ఇరవై దాకా మాత్రమే నడుస్తున్నాయి. అంటే అమరావతి లాంటి చోటే 7వ శతాబ్దానికి ఖాళీ అవుతోంది. ఏ హెన్రీ ఆజ్ఞా లేకుండానే.

అయిదు వందల మందిని పది విహారాలకు పంచితే ఒక్కోదాంట్లో యాభై. ఇది మరీ తక్కువేం కాదు. ఫౌంటెన్స్ అంతటి మఠం లొంగిపోయిన రోజున అందులో ఉన్నది ముప్పై మంది చిల్లర. తేడా సంఖ్యలో లేదు, తిండి దారిలో ఉంది. ఫౌంటెన్స్ దగ్గర భూములున్నాయి, అందుకే వాటిని లాక్కోవాలంటే చట్టం, సైన్యం, ఉరికంబం కావలసి వచ్చాయి. శాలిహుండం ఎక్కువగా ఆధారపడింది పక్క ఊళ్ళ వంటింటి మీదా, రేవు వర్తకుల మూట మీదా అయితే, దాన్ని ఎవరూ లాక్కోనక్కర్లేదు. ఇవ్వడం మానేస్తే చాలు.

ఇవ్వడం ఎటు మళ్ళిందో రాగిరేకులే చెబుతాయి. గంగ శకం క్రీ.శ. 498 ప్రాంతంలో మొదలైంది. అక్కణ్ణుంచి అచ్యుతాపురం, సంతబొమ్మాళి, టెక్కలి పేర్లతో మనకు దొరికిన తామ్రశాసనాలు వరసగా చూస్తే, రాజులు మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుడికి నమస్కరించి, బ్రాహ్మణులకు పన్ను లేని ఊళ్ళు రాసిస్తారు. అంతకు ముందు సింహపురం నుంచి పాలించిన మాఠరులూ అంతే. ఆ సింహపురమే ఇందాక చెప్పిన సింగుపురం అంటారు. రాజుకి దీనివల్ల లాభం ఉంది. అడవి కొట్టి సాగులోకి తెచ్చే కొత్త ఊళ్ళలో లెక్కలు రాయగలవాడు, పంచాంగం చెప్పగలవాడు, రాజు వంశాన్ని చంద్రుడి దాకా తీసుకుపోగలవాడు కావాలి. బౌద్ధ భిక్షువు ఈ మూడింటిలో ఏదీ చేయడు. లౌకికం వద్దనుకుని వచ్చినవాడు కదా.

గుడి ఇంకో పని కూడా చేసింది, దీన్ని మన చరిత్రకారులు తక్కువగా చెబుతారు. ముఖలింగం శాసనాల నిండా అఖండదీపాల దానాలే. దీపానికి నెయ్యి కావాలి, నెయ్యికి పశువుల మంద, మందకి గొల్లవాడు. పూలకి మాలి, కుండలకి కుమ్మరి, మేళానికి వాయించేవాళ్ళు, ఆడేవాళ్ళు. ఒక గుడి లేస్తే చుట్టుపక్కల పది కులాలకి పని దొరికింది, ఆ పనితో పాటు గుడిలో వాటా, ఉత్సవంలో వరస దొరికాయి. వాటా సమానం కాదు, కొందరికి గుమ్మం బయటే. అయినా జనం గుడికి అల్లుకుపోయారు. విహారం వైపు చూస్తే ఇచ్చేవాడూ తీసుకునేవాడూ ఇద్దరే. వర్తకుడు పలచబడ్డాక ఆ బంధంలో ఒక కొస తెగింది. ఇంగ్లండు రైతులు తిరగబడింది ఎందుకంటే మఠం వాళ్ళకి జీతమిచ్చేది, గంజి పోసేది, చదువు చెప్పేది. ఇక్కడ కొండ మీద ఆఖరి భిక్షువు పాత్ర కడిగి బోర్లించిన నాటికి, కింద ఊళ్ళో ఎవరికీ పని పోలేదు.

12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగు తన రాజ్యం బరువుని ఉత్తరానికి, కటకం వైపు మార్చాడు. పూరీ జగన్నాథుడి గుడి లేచింది. ముఖలింగమే వెనకబడిపోయిన రోజుల్లో శాలిహుండాన్ని పట్టించుకునేదెవరు? సింహళంతో పాత చుట్టరికం మాత్రం మిగిలింది: అదే శతాబ్దం చివర పొలొన్నరువలో రాజైన నిశ్శంకమల్లుడు తాను కళింగ సింహపురంలో పుట్టానని శాసనాల్లో చెప్పుకున్నాడు. అది మన సింగుపురమేనా అన్న తగవు పండితుల మధ్య తెగలేదు, నేనూ తెంచను.

చచ్చాక జరిగిన దాంట్లో రెండు దేశాలూ ఒకటే. ఇంగ్లండులో మఠం రాయితో బంగళాలు కట్టారు. ఇక్కడ కృష్ణా తీరంలో భట్టిప్రోలు స్తూపం ఇటుకల్ని కంపెనీ తర్వాతి దొరల కాలంలో రోడ్డుకీ, కాలవ తూములకీ వాడారు. అమరావతి రాళ్ళని జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టడానికి తీయించాడు. 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్ళేసరికే చాలా పోయింది. పాలరాయి శిల్పాల్ని సున్నం కోసం కాల్చారు. సరిగ్గా అదే దశాబ్దంలో ఇంగ్లండులో చిత్రకారుడు టర్నర్ వేల్స్ వెళ్ళి, కప్పులేని టింటర్న్ మఠాన్ని నీటిరంగుల్లో వేస్తున్నాడు. 1798లో వర్డ్స్‌వర్త్ ఆ ఊరి పేరు మీద పద్యం రాశాడు. తమ శిథిలాల్ని ప్రేమించడం అప్పుడే నేర్చుకుంటున్న జాతి, ఆ తర్వాత మన శిథిలాల్ని ఓడల్లో ఎక్కించుకుపోయింది. అమరావతి రాళ్ళు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పుడు భద్రంగా ఉన్నాయి. ఇక్కడే ఉంటే సున్నమయ్యేవి అని దొరలంటే కోపం వస్తుంది. ఆ మాటలో సగం నిజం ఉంది కాబట్టే వస్తుంది.

శాలిహుండం పెద్ద పాలరాయి స్థలం కాకపోవడం మనకు కలిసొచ్చింది. ఇటుక, కొండరాయి. లండన్ దాకా మోసుకుపోవాలని ఎవరికీ అనిపించలేదు. విగ్రహాలు కొండ దగ్గరే పురావస్తు శాఖ మ్యూజియంలో ఉన్నాయి. వెళ్ళేవాళ్ళకు నాదొక సలహా: ముందు మ్యూజియం చూసి కొండెక్కండి. తిరగేసి చేస్తే పైన ఇటుకల వరసలే కనిపిస్తాయి, అక్కడ ఎవరు నిలబడి ఉండేవారో ఊహకి అందదు. మారీచి విగ్రహం దగ్గర కాస్త ఆగండి. ఆ దేవత బండిని లాగేవి ఏడు పందులు. సూర్యుడి ఏడు గుర్రాలకి బౌద్ధుల జవాబది. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి ఇక్కడికి ఎంతో దూరం లేదు, ఒకే రోజున రెండూ చూడొచ్చు. ఎండాకాలం వద్దు. నీళ్ళు పట్టుకెళ్ళండి. వంశధార సముద్రంలో కలిసే చోటు వైపు చూస్తే, కట్టినవాళ్ళు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో తెలుస్తుంది.

వచ్చే భాగంలో మహేంద్రగిరి. గంగరాజులు ప్రతి శాసనంలోనూ తలుచుకునే గోకర్ణేశ్వరుడు ఆ కొండ మీద ఎక్కడున్నాడు, మందస నుంచి పైకి పోయే దారిలో ఏయే గుళ్ళున్నాయి, పరశురాముడు ఆ కొండకి ఎలా వచ్చాడు అన్నవి అందులో చూద్దాం.